నవ్వు తగ్గే చోటు

బావగారు మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి కింది గదిలో పడగానే రెండు వందల మంది ఒక్క పెట్టున నవ్వేవారు. మొదటి వరసలో, దారి పక్క కుర్చీలో కూర్చున్న ఒకావిడ మాత్రం పడ్డవాడు లేచి నిలబడేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేది. ఆవిడ వాడి తల్లి.

పదకొండేళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం స్టూడియోలో ఆ కామెడీ సీరియల్ రికార్డింగు జరిగేది. ఒక పక్క మూడు గోడల ఇల్లు, ఎదురుగా మెట్లు మెట్లుగా కుర్చీలు, కుర్చీల నిండా జనం. వాళ్ళ నవ్వు కూడా మాటలతో పాటే రికార్డయి టీవీలో వచ్చేది. సీరియల్ పేరు ‘రెండ్రోజులకని వచ్చాను’. చెల్లెలింటికి రెండు రోజులుండి పోదామని వచ్చి, పదకొండేళ్ళయినా కదలని ఒక అన్నగారి కథ అది. ఆ ఇంటాయన పళ్ళు నూరుతూ “బావగారూ” అని పిలిచేవాడు గనక చూసేవాళ్ళందరికీ అతను బావగారే అయిపోయాడు. కూరలు కొనబోయినా బావగారే, బ్యాంకులో లైన్లో నిలబడినా బావగారే. ఆఖరికి తండ్రి పోయిన రోజున, తల వంచుకుని పాడె ముందు నడుస్తుంటే కూడా ఎవరో “అరె, బావగారు!” అన్నారు.

తల్లి స్టూడియోకి నవ్వడానికి వెళ్ళేది కాదు, కాపలాకి వెళ్ళేది. తన కళ్ళెదుట ఉన్నంతసేపూ వాడికేమీ కాదని ఆవిడ నమ్మకం. పైన వేలాడే లైట్లు తెగి నెత్తిన పడతాయని భయం. నేల మీద పాముల్లా పాకే వైర్లకి కాలు తట్టుకుంటుందని భయం. వాడు ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఏ ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలో ఆవిడ దగ్గర ఒక కాగితం ఉండేది.

“అమ్మా, తమ్ముడికి నలభై రెండేళ్ళు. వాడి జేబులో చిరునామా రాసిన చీటీ ఇంకా పెడుతున్నావా?” అని కూతురు ఫోన్లో దెప్పేది.

“పెడితే తప్పేంటే? ఎక్కడైనా కళ్ళు తిరిగి పడిపోతే?”

“మొన్న నేను ఒకసారి తుమ్మానని అంబులెన్స్ నంబరు పంపించావు.”

“తుమ్ముతోనే మొదలవుతాయి అన్నీ” అనేది తల్లి, చాలా సీరియస్‌గా.

చిన్నప్పుడు వాణ్ణి బంతాటకి పంపలేదు, కాలు విరుగుతుందని. ఈతకి పంపలేదు, ఎందుకో చెప్పనక్కర్లేదు. సైకిల్ అడిగితే రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చి, వాడి చేత “వద్దులే” అనిపించింది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, లోకం తెలిసినదాన్నని ఎప్పుడూ అనుకోలేదు. తెలియనిదంతా ప్రమాదమే అనుకునేది. పిల్లవాడన్నాక ఏదో ఒకటి చెయ్యాలి కదా అని చూసి చూసి, ఎనిమిదో ఏట వాణ్ణి పాటల మాస్టారి దగ్గర చేర్పించింది. ఒక గదిలో కూర్చుని పాడుకుంటే ఏం తగులుతుంది? ఏం విరుగుతుంది? ఆవిడ జీవితంలో ఏ భయమూ లేకుండా చేసిన పని అదొక్కటే.

వాడు పాటలో పడిపోయాడు. గొంతు ఉంది, గిటార్‌కి తగ్గ వేళ్ళు ఉన్నాయి. టీవీ వేషం అనుకోకుండా వచ్చింది. ఏదో కచేరీలో మైకు పనిచెయ్యకపోతే, అది బాగయ్యేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి వాడు చెప్పిన కబుర్లు విని డైరెక్టర్ పిలిచాడు. ఒక ఏడాది చేసి మానేద్దామనుకున్నాడు. ఆ ఏడాదే పదకొండయింది. అయినా వాడి మనసంతా ఆదివారాల మీదే. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో నలుగురు చేరి పాడుకునేవారు. డ్రమ్ములు కొట్టేది సీరియల్లో వాడి మొహానికి రంగు వేసే మేకప్ మనిషే. రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. కొన్నవాళ్ళు కూడా అట్ట మీద బావగారి మొహం చూసి కొన్నవాళ్ళే. కచేరీల్లో మంచి పాట మధ్యలో ఎవరో లేచి “బావగారూ, ఎప్పుడెళ్తారు?” అని అరిచేవారు. వాడు గిటార్ ఆపి, “రెండ్రోజులే కదా!” అని సీరియల్ డైలాగు చెప్పి, వాళ్ళు నవ్వడం అయ్యాక పాటని మళ్ళీ అందుకునేవాడు.

చెవి సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది తల్లే. భోజనాల దగ్గర వాడు కుర్చీ మార్చాడు. ఫోను కుడిచేతిలోకి మారింది. ఒకరోజు గిటార్ తీగలు సరిచేసుకుంటూ, దాని చెక్క అంచుని పళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకోవడం చూసింది. చిన్నపిల్లాడు కొయ్యబొమ్మని కొరికినట్టుంది.

“ఏంట్రా అది?”

పలకలేదు. రెండోసారి అడిగినా పలకలేదు. వెళ్ళి భుజం పట్టుకుంటే ఉలిక్కిపడి, “ఇలా అయితే బాగా తెలుస్తుందమ్మా, ఎముక గుండా” అన్నాడు.

తలలో గడ్డ అనుకుంది. ఆరు నెలలు అనుకుంది. వాడికంటే ముందు తనని తీసుకుపొమ్మని దేవుడితో బేరం కూడా మొదలుపెట్టింది. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, గడ్డ కాదంది. తల్లి కళ్ళు తుడుచుకునేలోపే, ఎడమ చెవి దాదాపు పోయిందనీ, కుడిది కూడా ఆ దారిలోనే ఉందనీ చెప్పింది.

“మీరు బాగా చప్పుళ్ళున్న చోట పనిచేస్తారా?”

“నవ్వుల మధ్యనండి” అన్నాడు వాడు.

“నవ్వులకి చెవులు పోవు. ఇంకేం చేస్తారు?”

తల్లే మాట్లాడింది. “పాడతాడండి. పదిహేనేళ్ళుగా ఆదివారాలు. ఎడమ పక్కన డ్రమ్ములు, వెనకాల ఇంతెత్తు స్పీకర్లు.” ఎవరూ అడక్కపోయినా, “నేనే చేర్పించానండి” అంది.

స్పీకర్ల మధ్య పాట మానేస్తే కుడి చెవిలో మిగిలినది మిగులుతుందని డాక్టరమ్మ చెప్పింది. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయంది. వాడు రెండూ వద్దన్నాడు. కారెక్కాక తల్లి బతిమాలింది, ఏడ్చింది, తిండి మానేస్తానంది. ఎప్పుడూ పనిచేసే మందులేవీ ఈసారి పనిచెయ్యలేదు.

“మిషను పెట్టుకుని మెట్ల మీద నుంచి పడ్డానంటే జనం నవ్వరమ్మా, అయ్యో అంటారు. ఒక్కసారి అయ్యో అన్నాక ఆ మనిషిని చూసి మళ్ళీ నవ్వలేరు. ఈ పనికి జాలి విషం. ఇక పాట అంటావా, అది మానేస్తే నేను ఒట్టి బావగారినే అవుతాను. నన్నలా వదిలెయ్.”

ఇక చెయ్యాల్సింది సంగతి దాచిపెట్టడం ఒక్కటే. అది ఎంత కష్టమో రెండు వారాల్లోనే తెలిసింది. తోటి నటుల మాటలు వాడికి బాధ కాదు. రాసినవన్నీ నోటికొచ్చు, పెదవులు కనబడతాయి, కుడి చెవి ఎంతో కొంత పనిచేస్తుంది. బాధంతా జనం నవ్వుతోనే. నవ్వు మొదలవగానే చెవిలో ఒక హోరు లేచేది. అవతల నవ్వు ఆగినా ఈ హోరు ఆగేది కాదు. నవ్వుతున్నారో మానేశారో తెలియక, వాడు ఒకసారి నవ్వు మీద మాట్లాడి మాటను ముంచేసుకునేవాడు. ఒకసారి అందరూ ఎప్పుడో నవ్వు మాని ఎదురుచూస్తుంటే, కుక్క పోయినవాడిలా నిలబడిపోయేవాడు. “గురూ, నీ టైమింగు ఏ పక్షి ఎత్తుకుపోయింది?” అని అడిగాడు డైరెక్టర్. మొదటిసారి నవ్వుతూ అడిగాడు. మూడోవారం నవ్వకుండా అడిగాడు. వచ్చే ఏడాదికి బావగారి వేషం కాస్త తగ్గిద్దామా అన్న మాట కూడా నలిగిందని మేకప్ మనిషి చెవిన వేశాడు.

ఆ సాయంత్రం వాడు తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

“అమ్మా, నువ్వెలాగూ మొదటి వరసలోనే కూర్చుంటావు. నాకు చెవి అరువిస్తావా?”

ఏర్పాటు చాలా చిన్నది. ఆవిడ ముదురు రంగు బట్టలు కట్టుకుని, ఒడిలో తెల్ల చేతిరుమాలు పరుచుకోవాలి. తెల్లగా కనబడినంతసేపూ వాడు ఆగుతాడు. రుమాలు ఆవిడ గుప్పిట్లోకి వెళ్ళి కనబడకపోతే మాట్లాడతాడు.

“అంటే నవ్వడం ఆపగానే పిడికిలి బిగించాలి, అంతేనా?”

“ఆగాక కాదు. ఆగాక అంటే చల్లారిపోయిన టీ. నవ్వు పైకెళ్తుంది, ఒక చోట విరుగుతుంది, కిందికి జారుతుంది. ఇంకా మూడోవంతు మిగిలి ఉందనగా మాట పడాలి. అప్పుడు ఆ మిగిలిన నవ్వు నా మాటని ఎత్తుకుని తీసుకెళ్తుంది.”

“నాకెలా తెలుస్తుందిరా? నేను నవ్వు ఎప్పుడు విన్నాను, నీ మోకాళ్ళు చూడ్డమే సరిపోయె.”

ఇద్దరూ పాత భాగాలు పెట్టుకుని సాధన చేశారు. వాడు టీవీకి వీపు పెట్టి తల్లి ఒడివైపు చూస్తూ కూర్చునేవాడు. ఆవిడ తెర చూడకుండా కళ్ళు మూసుకుని వినేది. పదకొండేళ్ళూ కొడుకు మీద నుంచి వరదలా పోయిన ఆ చప్పుడుని ఆవిడ మొట్టమొదటిసారి చెవులారా వింది. అందులో ఎన్నో ఉన్నాయి. ముందుగా అర్థమై కిసుక్కుమనేవాళ్ళు కొందరు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు చాలామంది. దగ్గులోకి దిగిపోయే ముసలివాళ్ళు. అంతా అయ్యాక, పక్కనున్న మొగుడు చెప్తేగానీ అర్థం కానట్టు, ఒంటరిగా నవ్వే ఒకావిడ. వీళ్ళంతా నవ్వుతున్నది నా బిడ్డ పడ్డందుకు కాదు, లేచి ఏమీ జరగనట్టు చొక్కా దులుపుకున్నందుకు అని ఆవిడకి ఆ వయసులో తెలిసింది. వారం తిరిగేసరికి నవ్వు విరిగే చోటు ఆవిడ వేళ్ళకి తెలిసిపోయింది. పాలు పొంగే ముందు చెయ్యి తనంతట తానే స్టవ్ మీదికి పోతుందే, అలాగ.

ఏడు శుక్రవారాలు బ్రహ్మాండంగా జరిగాయి. డైరెక్టర్ వాడి వీపు తట్టి, “పక్షి తిరిగొచ్చిందే!” అన్నాడు. తల్లి ఇంటికెళ్ళి పిడికిలి విప్పుకుంటే గోళ్ళ గుర్తులు ఎర్రగా ఉండేవి. ఈ మాత్రం మంచి జరిగిందంటే దీని వెనకాల ఏదో పెద్దదే కాచుకుని ఉందని ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

ఎనిమిదో శుక్రవారం బావగారు బల్బు మార్చాలి.

కథ ప్రకారం గది మధ్యలో భోజనాల బల్ల, దాని మీద ఒక స్టూలు, స్టూలు మీద బావగారు. బల్ల కాలు ఒకటి వదులుగా బిగించి ఉంటుంది. అతను బల్బు పట్టుకోగానే అంతా ఒక పక్కకి ఒరుగుతుంది. చెల్లెలు కెవ్వుమంటుంది. బావగారు గాలిలో ఒంటికాలి మీద నిలబడి, జనం నవ్వు విరిగే చోట చూసి, “భయపడకమ్మా, నేను పోతే మీకు చీకటే మిగులుతుంది” అనాలి. బల్ల వెనకాల ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని ఉంటారు, పడే ప్రశ్నే లేదు. వాడీ సంగతంతా ముందు రోజే బొమ్మ గీసి మరీ తల్లికి చూపించాడు. ఆవిడ మూడుసార్లు చూసి, తలూపింది.

బల్ల ఒరిగింది. రెండు వందల మంది ఒక్కసారి గుప్పుమన్నారు. నవ్వు ఇంకా పైకి వెళ్తూనే ఉంది. ఆవిడ వేళ్ళు మాత్రం, నలభై రెండేళ్ళ అలవాటు కొద్దీ, చేతికేది దొరికితే దాన్ని పట్టుకున్నాయి. రుమాలు గుప్పిట్లోకి పోయింది.

వాడు మాట అన్నాడు. నవ్వులో రాయి వేసినట్టు మునిగిపోయింది.

“కట్! ఏంటి గురూ, తొందరా?” అన్నాడు డైరెక్టర్. “మళ్ళీ.”

ఈసారి చేతిని ఒడికి అతికించినట్టు పెట్టుకుంది. బల్ల ఒరగకముందే మనసులో నిన్నటి బొమ్మ గుర్తు చేసుకుంది. తాళ్ళున్నాయి, మనుషులున్నారు. బల్ల ఒరిగింది. స్టూలు కిర్రుమంది. ఆ కిర్రు బొమ్మలో లేదు. పిడికిలి బిగుసుకుపోయింది. వాడు మళ్ళీ ముందే అన్నాడు.

తెలిసిన జోకుకి జనం మొదటంత నవ్వరు. మూడోసారి నవ్వు సగానికి పడిపోయింది, అయినా ఆవిడ చెయ్యి మాట వినలేదు. డైరెక్టర్ చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి తన ముందున్న బల్ల మీద పడేశాడు. మైకు లేకుండానే హాలంతా వినబడేలా అన్నాడు. “పదకొండేళ్ళ సీనియారిటీ! నవ్వు అయ్యేదాకా ఆగాలని నీకు ఇవాళ నేర్పాలా? కొత్త కుర్రాళ్ళు నయం. ఇలాగే ఉంటే చెప్పు, మనిషిని మార్చుకుంటాం.”

వాడు పైనుంచి మర్యాదగా చిరునవ్వు నవ్వుతూ నిలబడ్డాడు. చెవిలో హోరుకి తనని ఏమంటున్నారో వాడికి తెలియడం లేదని ఆ హాల్లో ఒక్క మనిషికే తెలుసు.

ఆవిడ లేచి నిలబడింది. నిలబడుతున్నానని ఆవిడకి తెలియదు.

“వాణ్ణి అనకండి బాబూ! తప్పు నాది. వాడికి మీ నవ్వు వినపడదు. వాడికి చెవులు పోయాయి. నేను సైగ చేస్తే మాట్లాడుతున్నాడు. నేను భయపడి తప్పు సైగ చేశాను. వాణ్ణేం అనకండి.”

చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా వాడికి తెలియలేదు. వాడు చూసింది మొహాలు. నవ్వే మొహాలు ఎలా ఉంటాయో పదకొండేళ్ళుగా వాడికి కంఠతా వచ్చు. ఇవి అవి కావు. రెండు వందల మొహాలూ ఒక్కసారిగా మెత్తబడ్డాయి. ముందు తన వంక చూశాయి, తర్వాత తన చెవుల వంక చూశాయి. వాడు తల్లి వంక చూశాడు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

“ఏమంది?” అన్నాడు చెల్లెలి వేషం వేసే ఆమెతో. ఆమె గబగబా బల్ల ఎక్కి, వాడి భుజం పట్టుకుని, ఎంతో ప్రేమగా, గట్టిగా, చెవిలో చెప్పింది. ఎడమ చెవిలో చెప్పింది. పాపం, ఏది పోయిందో ఆమెకేం తెలుసు? వాడు మెల్లగా తల తిప్పి రెండోది ఇచ్చాడు. విన్నాడు.

దిగాడు. ముందుకొచ్చి జనానికెదురుగా నిలబడ్డాడు. “మా అమ్మ నా గురించి చిన్నప్పట్నుంచీ ఇంతేనండి. నా దగ్గర దాచుకునేవి ఏమీ మిగల్చదు” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వాడు చెయ్యెత్తి వద్దన్నాడు. “చప్పట్లొద్దండీ. కూర్చోండి. బల్బు ఇంకా మార్చలేదు. ఈసారి నచ్చితేనే నవ్వండి, అంతే చాలు.”

నాలుగోసారి స్టూలెక్కాడు. తల్లి ఈసారి రుమాలు సంచిలో వేసేసి ఖాళీ చేతులతో కూర్చుంది. బల్ల ఒరిగింది. జనం నవ్వారు. చాలా గట్టిగా నవ్వారు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది, అలవాటుగా, విరిగే చోటు కోసం. ఆ చోటు రాలేదు. అందరూ ఒక్కసారి మొదలుపెట్టి, ఒక్క ఎత్తులోనే ఉండి, అతను నోరు తెరవబోతున్నాడని చూసి అందరూ ఒక్కసారే ఆపేశారు. కత్తెరతో కత్తిరించినట్టు ఆగింది. దగ్గులోకి దిగినవాళ్ళు లేరు. ఆలస్యంగా నవ్విన ఒక్క మనిషి లేదు.

“ఓకే! సూపర్! దీన్ని మించింది లేదు!” అని డైరెక్టర్ కేకపెట్టాడు. ఇందాక అరిచిన మనిషే వచ్చి వాడి చేతులు పట్టుకుని, కుడి చెవి దగ్గర ఏదో చెప్పాడు. క్షమించమనే అయ్యుంటుంది. మేకప్ మనిషి దూదితో వాడి మొహం మీద రంగు తుడుస్తూ తన కళ్ళే తుడుచుకున్నాడు. “నా డ్రమ్ములే కదా అన్నా” అన్నాడు. “నేను నీ పక్కనే కూర్చున్నాను కదా ఇన్నేళ్ళూ.”

“నీ పక్కన నిలబడింది నేను. నువ్వేం లాక్కొచ్చి నిలబెట్టలేదు” అన్నాడు వాడు.

కారులో కూర్చునేసరికి ఇంకా ఎండ ఉంది. స్టూడియో వెనకాల, పాత సెట్ల తలుపులూ కిటికీలూ పేర్చి ఉన్న చోట కారు పెట్టుకునేవాడు. ఇంజను వెయ్యలేదు. ఫ్యాను కూడా వెయ్యలేదు, ఆ చప్పుడు ఉంటే తల్లి మాట తెలియదని. కుడి చెవి ఆవిడ వైపు తిప్పాడు.

“నిజం చెప్పు. నవ్వారా?”

జరగనివన్నీ జరిగినట్టు చెప్పడానికి ఎన్నడూ వెనకాడని నోరు అది. జరిగినదాన్ని చెప్పమంటే పెగల్లేదు. నవ్వారు అంటే ఏం పోయింది? ఒక్క మాట. వాడు సంతోషపడతాడు, ఇంటికి పోతారు. కానీ చెవిగా ఉంటానని ఒప్పుకున్నాక, వినిపించనిది వినిపించిందని ఎలా అంటుంది?

“లేదు నాన్నా. మొహమాటపడ్డారు.”

వాడు తలూపాడు. “నాకూ అలాగే అనిపించింది. నోళ్ళు తెరిచారు గానీ ఒక్కళ్ళూ కుర్చీలో వెనక్కి వాలలేదు.”

“నన్ను తిట్టరా. పోనీ కొట్టు. అందరి ముందూ నీ పరువు తీసేశాను.”

“నన్నడిగి చెప్పుండాల్సింది.”

“అంత ఎత్తున ఉన్నావు, అడిగితే వినపడేదా?”

ఆ మాట నోరు జారాక ఆవిడ నాలిక్కరుచుకుంది. వాడికి నవ్వొచ్చింది, వచ్చి అంతలోనే ఎటో పోయింది. స్టీరింగు మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుగా చూశాడు. గోడకి ఆనించి ఉన్న ఒక ఒంటరి తలుపు, దాని గొళ్ళెం గాలికి కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఆవిడకే వినబడుతోంది.

“ఆ మొహాలు నేనింతకుముందు చూశానమ్మా” అన్నాడు. “ఇందాక పైనుంచి చూస్తుంటే అదే అనుకున్నాను, ఎక్కడ చూశాను ఇవి అని. షెడ్డులో. ఈమధ్య పాట అయ్యాక మావాళ్ళందరూ అలాగే పెడుతున్నారు మొహాలు. ‘చాలా బాగుంది’ అంటారు, అని చటుక్కున వైర్లు చుట్టుకుంటారు. నాకు శ్రుతి పోతోందా?”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“వానాకాలం నుంచి. పైకెళ్ళే చోట్ల కిందికి జారుతోంది. నాకు సంగీతం రాదు గానీ ఎనిమిదో ఏటి నుంచి వింటున్నాను కదరా. అదొక్కటే భయం లేకుండా నీ చేతికిచ్చాను. అదే తినేసింది.”

“అది తినలేదమ్మా. నేను తిన్నాను, కడుపునిండా. పదిహేనేళ్ళు.” వాడు ఆవిడ చెయ్యి తీసుకుని అరచేతిలో గోళ్ళ గుర్తులు చూశాడు. “రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. మిషను పెట్టుకుంటాను. దాచడానికి ఇక ఏముంది? ఇవాళ్టి జనం ఇవాళ్టితో పోయారు. ఈ భాగం మళ్ళీ కొత్త జనంతో తియ్యమని డైరెక్టర్ని అడుగుతాను. మిషను చెవికి కనబడుతూనే ఉంటుంది. నవ్వితే నవ్వుతారు, లేకపోతే లేదు. కానీ ఆ నవ్వు నాకు తెలియాలి. నా అంతట నాకే. అందుకు ఈ కుడి చెవి కావాలి.”

“నవ్వకపోతే?” అంది ఆవిడ, అలవాటుగా.

“నవ్వకపోతే బావగారు వాళ్ళింటికి వెళ్ళిపోతాడు. పదకొండేళ్ళయింది కదా, ఆ ఇంటాయన కూడా మనిషే.”

అలా అని జేబులోంచి ఫోను తీశాడు. మేకప్ మనిషి నంబరు నొక్కి ఆవిడ చేతికిచ్చాడు.

“నువ్వే మాట్లాడు. ఫోన్లో వాడి గొంతు నాకు సరిగ్గా తెలియదు. ఆదివారం రానని చెప్పు.”

ఫోను చేతిలో బరువుగా తోచింది. పాటల మాస్టారి ఇంటి గుమ్మంలో, వీడి చెయ్యి పట్టుకుని, “మావాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నానండి” అన్నది తనే. అవతల మోగుతోంది. ఎత్తకపోతే బాగుండునని కోరుకుంది. ఎత్తాడు.

“బాబూ, నేను, బావగారి అమ్మని. వాడు ఆదివారం రాడట.”

“ఫర్వాలేదమ్మా, రెస్టు తీసుకోమనండి. ఈ ఒక్క ఆదివారమే కదా?”

ఆవిడ కొడుకు వంక చూసింది. అవతల ఏమడిగి ఉంటారో ఆవిడ మొహంలోనే వాడికి తెలిసిపోయింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“కాదు బాబూ” అంది ఆవిడ. “ఇక ఏ ఆదివారమూ రాడు.”